పాత ఇంజనుకు నిప్పురవ్వ: వర్క్‌షాపు కార్మికులకు కొన్ని మాటలు

(ధౌలా కువాన్‌లో రైల్వే, తపాలా శాఖల వర్క్‌షాపు కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



నేటి కార్యక్రమ పత్రంలో ఈ ఉపన్యాసం పేరు చూచి, సంఘం వారికి పాత కారు మరమ్మతుతో ఏమి పని అని కొందరు అడిగారు. వేతన సవరణ, ఖాళీల భర్తీ, పెన్షన్ మొదలైన విషయాలు మధ్యాహ్నపు సభలో చర్చకు వస్తాయి. ఈ ఉదయపు వేళను మాత్రం మన ఎదుట ఇనుప చట్రంపై నిలిపిన ఈ ఇంజనుకు కేటాయించవలసినదిగా మేమే కోరాము.

ఇది పాత అంబాసిడర్ కారు ఇంజను. నాలుగు సిలిండర్లు, 1489 ఘన సెంటీమీటర్లు, పెట్రోలు. బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేశారు. కామ్ షాఫ్టు కొత్తది, టప్పెట్లు కొత్తవి. హెడ్డు బిగించడం అయినది. "ఇక ఇగ్నిషన్ ఒక్కటే మిగిలినది" అని నిన్న సాయంత్రం ఒక మిత్రుడు అన్నాడు. ఆ "ఒక్కటే" అనే మాటతోనే మాకు పేచీ. పది రోజుల పని వలన నిలబడిన ఇంజనును పది నిమిషాలలో పాడుచేయగలిగినది ఈ ఒక్కటే. మనిషి చేయి విరగ్గొట్టగలిగినదీ ఇదే. అటువంటి సంగతి ఒకటి మా అనుభవంలో ఉన్నది, దాని స్థానంలో చెబుతాము.

ముందుగా ఈ చోటును గురించి రెండు మాటలు. ధౌలా కువాన్ అంటే తెల్లని బావి అని అర్థం. ఢిల్లీలోని తెలుగువారికి ఈ చౌరస్తా పరాయిది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడ ఉన్నది. 2018లో తెరచిన మెట్రో స్టేషనుకు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఇక్కడికి కొద్ది దూరంలోనే, చాణక్యపురిలో, 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం ఉన్నది. మనం మాట్లాడుకొనబోయే విషయానికి అసలు సాక్షి అక్కడే నిలిచి ఉన్నది.

మ్యూజియంలో ఆవిరి ఇంజన్లను చూచి వచ్చేవారిలో చాలామంది దానిని దాటిపోతారు. అది రైలు ఇంజను కాదు, అగ్నిమాపక వాహనం. ఇంగ్లండులోని జాన్ మోరిస్ కంపెనీ 1914లో తయారుచేసినది. ఎర్ర రంగు, గట్టి రబ్బరు టైర్లు. అది పనిచేసినది ఎక్కడనుకొన్నారు? నిజాం రాష్ట్రపు రైల్వేలో, అంటే మన సికిందరాబాదు వైపు. స్టేట్స్‌మన్ పత్రిక వారు 1964 నుండి ఢిల్లీలో నడిపే పాత కార్ల ర్యాలీలో అది స్వయంగా నడిచి పాల్గొన్నది కూడా. వందేండ్లు దాటిన ఆ ఇంజను గాజు పెట్టెలోని బొమ్మ కాదు, ప్రాణం ఉన్న యంత్రం. దానికి నిప్పురవ్వ సరిచేసే చేతులు రైల్వే చేతులే.

నిజాం రైల్వేకు మోటారు పని కొత్త కాదు. 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపు పేరు మీ అందరికీ తెలుసు. 1932లో ఆ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినది. తరువాతి కాలపు రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మూలం అదే. అనగా మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సు చరిత్ర రైల్వే కార్మికుల చేతులలో మొదలైనది. పట్టాల మీది పనివాడు వేరు, రోడ్డు మీది పనివాడు వేరు అనే గోడ అప్పట్లో ఇంత ఎత్తు లేదు. తపాలా శాఖలోని మెయిల్ మోటార్ సర్వీసులో నేటికీ మోటారు మెకానిక్కు, మోటారు ఎలక్ట్రీషియన్, టైరుమాన్, కమ్మరి, వడ్రంగి, పెయింటర్ అనే వృత్తి హోదాలు కాగితం మీద ఉన్నవి. ఆ కుర్చీలలో ఎన్ని నిండి ఉన్నవో, ఎన్ని ఖాళీగా ఉన్నవో మీ మీ డిపోల సంగతి మీకే బాగా తెలుసు.

ఇక ఇంజను దగ్గరకు వద్దాము.

రైల్వే డీజిల్ షెడ్ల నుండి వచ్చిన మిత్రులకు ఒక మాట. మీ ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలి నొక్కుడుకే వేడెక్కి, చల్లిన డీజిలు తానే అంటుకొంటుంది. కాని ఇంధనం ఎప్పుడు చల్లవలెను అనే లెక్క మీకు ఉన్నది కదా, ఇంజెక్షన్ టైమింగు. ఇక్కడ ఆ లెక్క నిప్పురవ్వది. పిస్టన్ పైకి చేరడానికి కొద్ది డిగ్రీల ముందు రవ్వ పుట్టవలెను. మంట వ్యాపించడానికి కొంత కాలం పడుతుంది కనుక ఈ ముందస్తు. మరీ ముందుగా పుడితే పైకి వస్తున్న పిస్టన్‌ను మంట వెనక్కు తోస్తుంది. ఆలస్యంగా పుడితే బలం పొగగొట్టం పాలవుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

1914 నాటి బండ్లలో ఈ పని సాధారణంగా మాగ్నెటోది. జర్మనీలోని బాష్ కర్మాగారం 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోను తెచ్చినది. బ్యాటరీతో పని లేకుండా, ఇంజను తిరుగుడుతోనే విద్యుత్తు పుట్టించుకొనే సాధనం అది. తరువాత అమెరికాలో కెట్టరింగ్ అనే ఇంజనీరు బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతిని స్థిరపరచాడు. ఆయన స్థాపించిన కంపెనీ పేరు డెల్కో. ఢిల్లీ మెకానిక్కులు డిస్ట్రిబ్యూటరును నేటికీ డెల్కో అని పిలిచేది అందుకే. ఏ ఊరి కంపెనీయో, ఎవరి పేరో తెలియకపోయినా మాట మాత్రం గ్యారేజీలో నిలిచిపోయినది. హ్యాండిలు తిప్పే అవసరం తప్పించిన విద్యుత్ స్టార్టరు కూడా ఆయన చలవే. అది 1912 నమూనా కాడిలాక్ కారులో వచ్చినది.

ఈ ఇంజనుది ఆ కాయిల్ పద్ధతే. మన దేశంలో దీని భాగాలు తయారైన చోట్లు కూడా గుర్తుంచుకొనదగినవి. డిస్ట్రిబ్యూటర్లు, కాయిళ్లు మద్రాసు దగ్గర పాడిలోని లూకాస్ టీవీఎస్ నుండి, ప్లగ్గులు 1951లో స్థాపించిన బెంగుళూరు మైకో నుండి వచ్చేవి. కారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారైనది. 2014లో అక్కడ అంబాసిడర్ తయారీ ఆగిపోయినది.

మొదటి పని, ఒకటవ సిలిండరు పిస్టన్‌ను పైకి తెచ్చి నిలపడం. అన్ని ప్లగ్గులూ తీసివేయండి, తిప్పడం తేలిక అవుతుంది. క్రాంకు పుల్లీ మీది గుర్తును కవరు మీది ముల్లుకు ఎదురుగా తేవడం ఎవరైనా చేస్తారు. అయితే నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ రెండు సార్లు పైకి వస్తుంది. ఒకసారి గాలిని, పెట్రోలును నొక్కుతూ, మరొకసారి పొగను వెళ్లగొడుతూ. పుల్లీ గుర్తు రెండింటికీ ఒకే విధంగా కలుస్తుంది. గుర్తును మాత్రమే నమ్మినవాడు సగం సార్లు తప్పుతాడు. కనుక వాల్వు కవరు తీసి నాలుగవ సిలిండరు వాల్వులను చూడండి. ఒకటి మూసుకొంటూ, రెండవది తెరుచుకొంటూ రెండూ ఊగుతున్న క్షణమే ఒకటవ సిలిండరుకు కంప్రెషన్ కొస. కవరు తీయడానికి బద్ధకమైతే ఒకటవ ప్లగ్గు రంధ్రం మీద బొటనవ్రేలు ఉంచి తిప్పండి. గాలి వ్రేలిని తోసివేస్తే అదే స్ట్రోకు. ఇంతకంటె చవకైన పరికరం ఏ స్టోరులోనూ దొరకదు.

రెండవది, డిస్ట్రిబ్యూటరును తిప్పే చిన్న ఇరుసు. ఇది కామ్ షాఫ్టు పండ్లతో ఏటవాలు పండ్ల ద్వారా కలుస్తుంది. పూర్తి ఓవర్‌హాలులో దీనిని తీస్తారు. పైన ఉన్న గాడి సరిగా మధ్యలో లేదు, చూడండి. ఒక వైపు భాగం పెద్దది, ఒక వైపు చిన్నది. డిస్ట్రిబ్యూటరు ఒక్క విధంగానే కూర్చోవడానికి అలా చేశారు. ఇరుసు తలలో మర ఉన్నది. ఒక పొడుగు బోల్టు అందులో బిగించి పట్టుకొని దించవలెను. దించేటప్పుడు గాడి అడ్డంగా, కొంచెం దిగువకు వాలి, పెద్ద భాగం పైకి ఉండాలి. పండ్లు ఏటవాలు కనుక దిగుతూ దిగుతూ అది ఎడమ వైపుకు తిరిగి, గడియారంలో ఒంటిగంట ముల్లు ఉండే చోట నిలుస్తుంది. అక్కడ నిలవకపోతే పైకి లాగి, ఒక పన్ను మార్చి మరల దించండి. "తరువాత డిస్ట్రిబ్యూటరు తిప్పి సరిపెట్టవచ్చును" అనేవాడి మాట వినకండి. ఒక పన్ను తేడా అక్కడ సరిపెడితే వాక్యూమ్ గొట్టం అందదు, వైర్లు చాలవు, తరువాత వచ్చే మెకానిక్కుకు పుస్తకంలోని లెక్క ఒక్కటీ కలవదు. తన తరువాత పనిచేయబోయేవాడిని గుర్తుంచుకోవడం కూడా పనితనంలో భాగమే.

మూడవది పాయింట్లు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలుద్దాము, ఎందుకంటే గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకొనండి. డిస్ట్రిబ్యూటరు దానిలో సగం తిరుగుతుంది, 1500. ఒక్కొక్క చుట్టుకు నాలుగు సార్లు పాయింట్లు తెరుచుకోవాలి. అంటే సెకనుకు 100 సార్లు, గంటకు 3,60,000 సార్లు. మీలో ఉత్తరాలు వేరుచేసే సార్టింగు మిత్రులు ఉన్నారు. మీ చేయి వేగానికి అధికారులు లెక్క కడతారు కదా, ఈ గోరంత ముక్క చేసే పనికి కూడా అటువంటి లెక్క కట్టి చూడండి. పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్లో విద్యుత్తు పారి అయస్కాంత బలం నిండుతుంది. తెరుచుకొన్న క్షణంలో ఆ బలం కూలి, రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతుంది. తెరుచుకొన్నప్పుడు పాయింట్ల మధ్య కూడా రవ్వ దూకజూస్తుంది. దానిని మ్రింగేది కండెన్సరు. కండెన్సరు చెడితే పాయింట్లు నల్లగా కాలుతాయి, ప్లగ్గు దగ్గర రవ్వ నీరసిస్తుంది. పాయింట్లు కాలినవని ఊరికే కొత్తవి వేస్తూ పోయి, కండెన్సరును తాకనివారిని మనం చూస్తూనే ఉన్నాము. జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేసి మందు వేయనట్లు ఉంటుంది ఆ వైద్యం.

పాత పద్ధతి పాయింట్లు రెండు ముక్కలుగా వస్తాయి. కదిలే ముక్క మీది స్ప్రింగు కొస, కాయిల్ నుండి వచ్చే వైరు, కండెన్సరు వైరు, ఈ మూడూ ఒకదానినొకటి తాకవలెను, కాని మేకును గాని, క్రింది పలకను గాని తాకరాదు. అందుకు సన్నని ఫైబరు వాషర్లు ఇస్తారు. వాటిలో ఒక్కటి మారినా, మరచినా కాయిల్ నేరుగా ఎర్తుకు కలిసిపోతుంది. ఎంత తిప్పినా రవ్వ ఉండదు. కొత్త ఇంజను స్టార్టు కాలేదంటే ముందు ఈ వాషర్ల వరుసను చూడండి. అవి విప్పేటప్పుడే వరుసగా ఒక తీగకు గుచ్చి ఉంచుకొంటే ఈ వెదుకులాట తప్పుతుంది.

కామ్ ఎత్తు మీద ఫైబరు మడమ నిలిచినప్పుడు ఖాళీ 15 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యింట 15 వంతులు. 14 నుండి 16 వరకు పుస్తకం ఒప్పుకొంటుంది. ఫీలర్ గేజి రేకు బిగుతుగా ఈడ్చకుండా, వదులుగా జారకుండా కదలాలి. రేకుకు నూనె ఉంటే తుడవండి, ఆ నూనె పాయింట్లకు అంటితే కాలుతుంది. కామ్‌కు గ్రీజు పూతగా మాత్రమే, రోటరు క్రింద ఇరుసు మీద ఒక చుక్క నూనె. ఎక్కువైతే ప్రేమ కాదు, హాని.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఖాళీ పెట్టిన తరువాతనే టైమింగు పెట్టవలెను. టైమింగు పెట్టిన తరువాత ఖాళీని తాకితే టైమింగు మారుతుంది. ఖాళీ పెద్దదైతే పాయింట్లు ముందుగా తెరుచుకొంటాయి, రవ్వ ముందుకు జరుగుతుంది. ఖాళీ తగ్గితే ఆలస్యమవుతుంది. రెండు వాక్యాలు. ఇవి తెలియకపోవడం వలన, తెలిసినా పాటించే సమయం ఇవ్వకపోవడం వలన ఏమి జరిగినదో వినండి.

1998 ప్రాంతంలో ఒక వాహన మరమ్మతు కేంద్రంలో ఇటువంటి పెట్రోలు ఇంజనునే ఓవర్‌హాలు చేశారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. ఉదయపు షిఫ్టు మెకానిక్కు ఖాళీ సరిగా పెట్టి, దీపంతో టైమింగు చూచి, సంతకం చేసి వెళ్లాడు. మధ్యాహ్నం ఇంజను మిస్సింగ్ కొట్టినది. రెండవ షిఫ్టువాడు పాయింట్లు మార్చాడు. జాబ్ కార్డులో దానికి కేటాయించిన సమయం పదిహేను నిమిషాలు. అతడు ఖాళీని కంటి అంచనాతో పెట్టాడు, పెద్దదైనది. టైమింగును మరల చూడమని కార్డులో ఎక్కడా లేదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నది. హెల్పరు ముందుకు వెళ్లి హ్యాండిలు వేశాడు. రవ్వ వేళకు ముందే పుట్టి, పిస్టన్ వెనక్కు తన్నినది, దానితో హ్యాండిలు ఎదురు తిరిగినది. హెల్పరు మణికట్టు ఎముక విరిగినది.

వారం తిరగకముందే అతనికి అభియోగ పత్రం వచ్చినది. హ్యాండిలును అజాగ్రత్తగా పట్టుకొన్నాడట. బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ల వైపునే ఉంచి పట్టుకోవాలనేది నిజమే, పాత డ్రైవర్లందరికీ తెలిసిన జాగ్రత్త అది. కాని హ్యాండిలు ఎందుకు తన్నినది అని అభియోగ పత్రం అడగలేదు. ఆ ప్రశ్న మేము అడిగాము. పదవీ విరమణ చేసిన ఒక మోటారు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని విచారణకు వెళ్లాము. వాదన కంటె దీపం మేలని ఆయన అన్నాడు. అదే ఇంజను మీద, విచారణాధికారి ఎదుటనే, ముందు 15 థౌ ఖాళీతో పాయింట్లు తెరుచుకొనే చోట పుల్లీ మీద సున్నంతో గీత గీశాడు. తరువాత ప్రమాదం నాటి ఖాళీ పెట్టి మరల గీశాడు. రెండు గీతల మధ్య దూరం దాదాపు ఒక వ్రేలి వెడల్పు ఉన్నది. అధికారి వంగి చూచాడు. ఏమీ అనలేదు.

అభియోగ పత్రం ఉపసంహరించుకొన్నారు. అప్పుడు ఆ రెండవ షిఫ్టు మెకానిక్కు మీద మోపాలని చూచారు. దానికీ మేము ఒప్పుకోలేదు. పదిహేను నిమిషాలు ఇచ్చినవాడికి బాధ్యత లేకుండా, ఆ పదిహేను నిమిషాలలో చేసినవాడికే బాధ్యత ఉండడం ఏ న్యాయమో చెప్పమన్నాము. చివరకు జాబ్ కార్డులో ఒక వరుస కొత్తగా అచ్చయినది: "పాయింట్లు మార్చిన పిమ్మట టైమింగు సరిచూడబడినది." దాని ప్రక్క సంతకానికి గడి, అదనంగా ఇరువది నిమిషాలు. ఆ కేంద్రంలో మా సంఘం సాధించినవాటిలో పెద్ద పెద్ద ఒప్పందాలు ఉన్నవి. ఈ ఒక్క వరుసను మేము వాటి సరసన పెడతాము. ఆ హెల్పరు మణికట్టుకు మాత్రం పూర్వపు బలం రాలేదు. స్పానరు ఎడమ చేతితో పట్టడం నేర్చుకొన్నాడు.

ఇప్పుడు ఆ దీపం సంగతి. 12 వోల్టుల బల్బు ఒకటి, రెండు వైర్లు. ఒక వైరు డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న తక్కువ వోల్టేజి కొసకు, రెండవది ఎర్తుకు. స్విచ్చి వేయండి. పాయింట్లు మూసి ఉంటే దీపం వెలగదు, తెరుచుకోగానే వెలుగుతుంది. పుల్లీని తిరిగే దిశలోనే నెమ్మదిగా త్రిప్పి పుస్తకం చెప్పిన డిగ్రీల గుర్తుకు తెండి. దాటిపోతే వెనక్కు త్రిప్పి ఆపవద్దు, బాగా వెనక్కు పోయి మరల ముందుకు రండి. పండ్ల మధ్య ఉండే వదులు లెక్కలోకి రాకుండా చూచుకోవడానికి ఇది. అప్పుడు డిస్ట్రిబ్యూటరు ఒళ్లు మెల్లగా త్రిప్పుతూ దీపం సరిగ్గా వెలిగిన చోట క్లాంపు బిగించండి. బిగించిన తరువాత మరొకసారి చూడండి. బిగింపులోనే కొంత కదలడం కద్దు.

రోటరు ఇప్పుడు ఏ కొసకు ఎదురుగా ఉన్నదో అది ఒకటవ ప్లగ్గుది. అక్కడి నుండి 1, 3, 4, 2 వరుస. ఈ ఇంజనులో రోటరు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, కనుక వైర్లను ఆ దిశలోనే పెట్టవలెను. వరుస సరిగా వల్లించి దిశ తప్పినవారు చాలామంది. కార్బురేటరులో నుండి మంట ఎగతన్నితే ముందు ఇదే చూడండి. ప్లగ్గుల ఖాళీ 25 థౌ.

కాయిల్ కొసల విషయం చాలామందికి పట్టదు. ఆ కాలపు బ్రిటిష్ నమూనా బండ్లు చాలావరకు పాజిటివ్ ఎర్తువి. తరువాత నెగటివ్ ఎర్తు వచ్చినది. బ్యాటరీ మార్చి, కాయిల్ వైర్లు మార్చనివారు ఉన్నారు. బండి నడుస్తుంది, అదే చిక్కు. ప్లగ్గు మధ్య ముల్లు బాగా వేడెక్కి ఉంటుంది కనుక రవ్వకు అక్కడి నుండి బయలుదేరడం సులభం. కొసలు తారుమారైతే చల్లని అంచు నుండి దూకవలసి వచ్చి ఎక్కువ వోల్టేజి అడుగుతుంది. చలికాలపు ఉదయం ఢిల్లీలో మొరాయించేది అప్పుడే. పరీక్ష సులభం. ప్లగ్గు వైరు కొసకు, ప్లగ్గు తలకు మధ్య పెన్సిలు సీసం కొన పట్టండి, చేతికి మందపాటి రబ్బరు తొడుగుతో. రవ్వ మంటలా విచ్చుకొనేది ప్లగ్గు వైపున అయితే సరే. వైరు వైపున అయితే కాయిల్ మీది రెండు సన్న వైర్లు మార్చండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కొత్త కామ్ షాఫ్టు, కొత్త టప్పెట్లు మొదటి నిమిషాలలోనే ఒకదానికొకటి ఒదుగుతాయి. ఇగ్నిషన్ తప్పి, సెల్ఫు మీద మరల మరల తిప్పుతూ ఉంటే పూసిన గ్రీజు తుడిచిపెట్టుకుపోతుంది, నూనె చాలినంతగా చిమ్మదు, కామ్ ముక్కులు గీరుకుపోతాయి. పది రోజుల పని అక్కడే పోతుంది. ముందు ప్లగ్గులు లేకుండా తిప్పి నూనె ఒత్తిడి చూపించండి. తరువాత ప్లగ్గులు వేసి, మొదటి తిప్పుడుకే అందుకొనేటట్లు చేసి, సుమారు 2000 చుట్ల మీద ఇరువది నిమిషాలు నడపండి, ఐడ్లింగులో వదలకండి. వేడి, నూనె చూస్తూ ఒక మనిషి దగ్గరే ఉండాలి. కొత్త పాయింట్ల ఫైబరు మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అరుగుతుంది, ఖాళీ తగ్గుతుంది, టైమింగు వెనుకపడుతుంది. కనుక రెండవ తనిఖీ లేకుండా ఈ పని పూర్తి అయినదని ఎవరూ సంతకం చేయకండి.

పాయింట్లను తీసివేసి ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టుకొంటే ఈ బాధ ఏమీ లేదు కదా అని యువ మిత్రులు అడుగుతారు. రోజూ తిరిగే బండికి మేము కాదనము. మంచి సాధనమే, అరుగుడు లేదు. అయితే అది ఆగిపోతే రోడ్డు ప్రక్కన ఇసుక కాగితంతో బాగుచేయలేము. పైగా పాత బండిని పాతబండిగానే ఉంచవలసిన పనిలో దానికి చోటు తక్కువ. కశ్మీరీ గేటు విడిభాగాల బజారులో గంటలు వెదకి అసలు పాయింట్లు తెచ్చేవారు అందుకే ఉన్నారు. ఎక్కడ కొన్నా, కొత్త పాయింట్లను గుడ్డిగా నమ్మకుండా మడమ ఎత్తు, పాయింట్ల ముఖాలు ఎదురెదురుగా సరిగా కలుస్తున్నవా అన్నది చూచుకోండి.

ఢిల్లీలో పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లు రోడ్డెక్కరాదని 2014లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించినది, 2018లో సుప్రీంకోర్టు దానిని నిలిపినది, 2025లో ఆ వ్యవహారం మరల అదే కోర్టు ముందుకు వచ్చినది. ఈ గాలి పీల్చేది మన పిల్లలే, పొగ బండ్ల పక్షాన మేము వాదించబోము. మరొక ప్రక్క, 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నమోదు నియమాలు తెచ్చినది. రుసుము 20,000 రూపాయలు, నంబరు పలక మీద వీఏ అక్షరాలు. రోజువారీ వాడకానికి, వ్యాపారానికి వీలులేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు నడపవచ్చును. బండి మూల స్వరూపంలో ఉండవలెను. చట్టం పాత బండిని కాపాడవలెనని చెప్పినది. దానిని నడిపించగల మెకానిక్కు పోస్టును ఎవరు కాపాడాలో ఏ నియమమూ చెప్పలేదు. మ్యూజియంలోని ఆ నిజాం రైల్వే బండికి పాయింట్లో, మాగ్నెటోనో సరిచేయవలసినప్పుడు బయటి కాంట్రాక్టరును పిలుచుకొనే రోజు రాకూడదు. అందుకు మనం యాజమాన్యాన్ని అడగవలసినవి మధ్యాహ్నపు తీర్మానంలో ఉన్నవి: ఖాళీ అయిన ప్రతి వృత్తి పోస్టునూ నింపడం, పదవీ విరమణకు ఏడాది ముందే ఆ చేతి క్రింద ఒక అప్రెంటిస్‌ను పెట్టడం, జాబ్ కార్డులో తనిఖీకి సమయం కేటాయించడం. ఆ చర్చను ఇక్కడ పొడిగించము.

ఈ ఇంజనుకు ఇరుసు దించి ఉన్నది, పాయింట్లు ఇంకా పెట్టలేదు. వాషర్లు ఈ తీగకు గుచ్చి ఉన్నవి. ఫీలర్ గేజి, బల్బు బల్ల మీద ఉన్నవి. రైల్వే వారి నుండి ఒకరు, తపాలా వారి నుండి ఒకరు ముందుకు రండి. ఒకరు ఖాళీ పెట్టండి, రెండవవారు దీపం పట్టండి. తరువాత చేతులు మార్చుకోండి.